కరెంటు ఎవరికని అడిగిన శాస్త్రవేత్త

ఎలక్ట్రోకెమిస్ట్రీ పాఠ్యపుస్తకంతో దేశవిదేశాల్లో పేరు తెచ్చుకున్న ఆచార్యుడు, ప్రయోగశాల దాటి పల్లెకు పోయి కట్టెల మోపులు తూచారు. సోలార్ పార్కుల కాలంలో అమూల్య రెడ్డి ప్రశ్నలు మనకు మరీ కావాలి.

1981. చమురు దిగుమతుల బిల్లు చూసి దేశం బెంబేలెత్తుతున్న రోజులు. కొత్త బావులు ఎక్కడ తవ్వాలి, డాలర్లు ఎక్కడ పుట్టించాలి అని పెద్దలు తలలు పట్టుకుంటే, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యుడొకరు ఈ చిక్కుముడి కొస పూరిగుడిసెలోని బుడ్డిదీపం దగ్గర ఉందన్నారు. ఆయన లెక్క ఇదీ. కరెంటు లేని ఇంటికి కిరసనాయిలే వెలుగు కాబట్టి దాని ధర పెంచడానికి ఏ ప్రభుత్వానికీ చేతులు రావు. కిరసనాయిలు చవగ్గా ఉండి డీజిల్ ఖరీదైతే డీజిల్‌లో కిరసనాయిలు కలిపేస్తారు. అందుకని డీజిల్ ధరనూ పట్టి ఉంచాలి. డీజిల్ చవకైతే సరుకు రైలు దిగి లారీ ఎక్కుతుంది. లారీలు పెరిగేకొద్దీ ఓడల్లో చమురు దిగుతూనే ఉంటుంది. పేదవాడి ఇంట్లో ఒక బల్బు వెలిగిస్తే ఈ గొలుసు మొదటి కొక్కెం ఊడిపోతుంది. దయతలచి ఇవ్వాల్సిన దానంగా చూస్తున్న బల్బు, దేశం అప్పుల పాలవకుండా కాపాడే ఉపాయమని ఆయన అంకెలతో చూపించారు.

ఆయన పేరు అమూల్య కుమార్ నారాయణ రెడ్డి. 1930లో బెంగళూరులో పుట్టారు, 2006లో కన్నుమూశారు.

ఇవాళ ఏ ప్రభుత్వాన్ని కదిపినా స్వచ్ఛ ఇంధనం మాటే. ఎన్ని గిగావాట్లు, ఎన్ని వేల కోట్లు, ఎన్ని ఎకరాలు. ఆంధ్రప్రదేశ్ 2024 అక్టోబరులో తెచ్చిన సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం 160 గిగావాట్లకు పైగా సామర్థ్యాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. ఈ అంకెల హోరులో రెడ్డి జీవితాన్ని తిరగేయడానికి కారణం ఉంది. ఆయన ఏనాడూ గిగావాట్ల దగ్గర మొదలుపెట్టలేదు. ఎవరికి ఏం కావాలో ముందు అడిగి, దానికి ఎంత శక్తి సరిపోతుందో తర్వాత లెక్క కట్టారు. బొగ్గు నుంచి ఎండకూ గాలికీ మళ్లే ఈ ప్రయాణం న్యాయంగా సాగుతోందా లేదా అని తేల్చడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే గట్టి పరీక్ష లేదు.

ప్రయోగశాల నుంచి పొయ్యి దగ్గరికి

రెడ్డి మొదటి ముప్పై, నలభై ఏళ్లలో పల్లె ఊసు లేదు. 1958లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో డాక్టరేట్. కారైకుడిలోని కేంద్ర ఎలక్ట్రోకెమికల్ పరిశోధన సంస్థలో కొన్నాళ్లు, అటుపైన అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం. అక్కడి ఆచార్యుడు జాన్ బోక్రిస్‌తో కలిసి రాసిన ‘మోడర్న్ ఎలక్ట్రోకెమిస్ట్రీ’ 1970లో రెండు సంపుటాలుగా వచ్చి, ఆ శాస్త్రం చదివే తరాలకు ఆధారగ్రంథమైంది. అప్పటికే, 1966లోనే, బెంగళూరుకు తిరిగొచ్చి ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. ఆ దారిన సాగితే అవార్డులు, అకాడమీలు, సెమినార్లతో జీవితం సుఖంగా గడిచిపోయేది.

1970ల మొదట్లో ఆయన్ని ఒక ప్రశ్న పట్టుకుంది. మనం చేస్తున్న శాస్త్రం ఎవరి గడప తొక్కుతోంది? సంపన్న దేశాల అవసరాల కోసం పుట్టిన యంత్రాన్ని యథాతథంగా తెచ్చుకుంటే, అది ఇక్కడి కొద్దిమందికి సౌకర్యం అవుతుంది, మిగతావాళ్లకు పని లేకుండా చేస్తుంది అని 1973లో రాశారు. రాసి ఊరుకోలేదు. 1974లో సహచరులతో కలిసి ఇన్‌స్టిట్యూట్ లోపలే ‘అస్త్ర’ను స్థాపించారు. పల్లెలకు పనికొచ్చే శాస్త్ర సాంకేతికాలు తయారుచేయడమే దాని పని. తుమకూరు జిల్లా కుణిగల్ తాలూకాలోని ఉంగ్ర గ్రామంలో దానికొక విస్తరణ కేంద్రం వెలిసింది. పేరున్న శాస్త్రవేత్తలు పొయ్యిలు, మట్టి ఇటుకలు, పేడ గురించి పరిశోధించడం ఆ రోజుల్లో చాలామందికి చిన్నతనంగా తోచింది. రెడ్డికి అదే అసలైన శాస్త్రం.

ఆ చుట్టుపక్కల ఆరు ఊళ్లలో అస్త్ర బృందం ఇల్లిల్లూ తిరిగింది. ఎన్ని కిలోల కట్టెలు కాలుతున్నాయి, ఎవరు తెస్తున్నారు, ఎంత దూరం నడుస్తున్నారు, నీళ్లు ఎవరు మోస్తున్నారు, ఎద్దులు ఎన్ని గంటలు దున్నుతున్నాయి అన్నీ రాసుకుంది. అంతకుముందు మన ఇంధన గణాంకాల్లో ఎక్కువగా కనిపించేవి బొగ్గు, చమురు, కరెంటు. ఆడమనిషి నెత్తిన మోపు మోసే కష్టం కనిపించేది కాదు.

వాటిలో పుర అనే చిన్న ఊరు ఉంది. సర్వే నాటికి 56 ఇళ్లు, 357 మంది. ఊళ్లోకి కరెంటు తీగ వచ్చి ఉంది. అయినా ఊరు వాడే మొత్తం శక్తిలో కరెంటు వాటా ఒక్క శాతం లేదు. సింహభాగం కట్టెలదే. మనుషుల రెక్కల కష్టాన్ని విడిగా లెక్కేస్తే అందులో సగానికి పైగా ఆడవాళ్లది. మగవాళ్ల వాటా మూడోవంతు దాటలేదు. తక్కింది పిల్లలది. ‘ఇంధన సంక్షోభం’ అని పత్రికలు పెద్దక్షరాల్లో రాసేదాన్ని ఆ ఊళ్లో తల మీద మోసేది ఎవరో అంకెల్లో తేలిపోయింది.

ఇంకో సంగతి కూడా తేలింది. పల్లెవాళ్లు కట్టెల కోసం అడవులు నరికేస్తున్నారని అప్పట్లో ఒక నింద ఉండేది. పుర ఆడవాళ్లు కాల్చేవి ఏరుకొచ్చిన ఎండుపుల్లలు, రెమ్మలు. మరి నరికిన దుంగలు ఎటు పోతున్నాయి? బి. సుధాకర రెడ్డితో కలిసి బెంగళూరు కట్టెల వాడకాన్ని తరగతులవారీగా పరిశీలించి 1983లో ప్రచురించారు. దుంగలు లారీలెక్కి నగరానికి వస్తున్నాయి. తప్పు ఎవరి మీద వేస్తున్నాం, కాలుస్తున్నది ఎవరు అని ముందు చూసుకొమ్మని ఆ వ్యాసం చెప్పకనే చెప్పింది. వాతావరణ మార్పు చర్చల్లో ఈ మాట ఇవాళ చాలా దేశాలు అంటున్నాయి. రెడ్డి అన్నది నలభై ఏళ్ల కిందట.

పుర ఊళ్లో పేడ లెక్క

సర్వే తర్వాత అస్త్ర బృందం పురలో ఊరందరికీ ఒక గోబర్ గ్యాస్ ప్లాంటు కట్టింది. ఇంటింటికీ వంట గ్యాస్ ఇవ్వాలన్నది ఆలోచన. అది పారలేదు. ఊళ్లో పశువుల పేడంతా పోగేసినా అన్ని ఇళ్ల వంటకూ సరిపోయే గ్యాస్ రాదు. సగం వంట గ్యాస్ మీద, సగం కట్టెల మీద చేయడానికి ఏ ఇల్లాలు ఒప్పుకుంటుంది? పైగా కట్టెలకు డబ్బు ఖర్చు లేదు. ఊరివాళ్లను కూర్చోబెట్టి అడిగితే మంచినీళ్లు కావాలన్నారు.

నాకు ఈ కథలో అన్నిటికంటే విలువైనది ఈ మలుపు. నిపుణులు తమ పథకాన్నే మార్చుకున్నారు. 1987లో అదే గ్యాస్‌తో, కొంచెం డీజిల్ కలిపి నడిచే చిన్న ఇంజను పెట్టారు. దానితో జనరేటర్ తిరిగింది. ఆ కరెంటుతో దాదాపు 50 మీటర్ల లోతు బోరు నుంచి నీళ్లు పైకొచ్చి కొళాయిల్లో పడ్డాయి. ఇళ్లలో ట్యూబ్‌లైట్లు వెలిగాయి. ఇంజను నడిపింది ఊళ్లో కుర్రాళ్లే.

పేడ తెచ్చి ఇచ్చినవాళ్లకు కిలోకు 2 పైసలు. తెచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే గనుక ఆ పైసలు వాళ్ల చేతిలోనే పడేవి. గ్యాస్ తీశాక మిగిలిన పేడను ఎవరి వాటా వాళ్లకు తిరిగి ఇచ్చేవారు. అది పొలానికి మరింత మంచి ఎరువు. ఉమ్మడి ఆస్తి అంటే ఎవడి మటుకు వాడు దండుకుని పాడుచేస్తాడని అర్థశాస్త్రంలో ఒక వాదన ఉంది. పురలో అది తలకిందులైంది. నా ఒక్క గంప పేడ ఎగ్గొడితే ఇంజను ఆగుతుంది, ఇంజను ఆగితే నా కొళాయిలోనూ నీళ్లు రావు. స్వార్థమూ ఊరి మేలూ ఒకే తాడుకు కట్టుబడ్డాయి. రెడ్డి 1995లో దీని మీద రాసిన వ్యాసానికి ‘ఉమ్మడి ఆస్తి వరం’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు.

పుర ప్లాంటు కలకాలం నడవలేదు. 1990ల తర్వాతి భాగంలో ఆగిపోయింది. నడిచినన్నాళ్లు ఎందుకు నడిచిందో, యంత్రం బాగానే ఉన్నా నిర్వహణ, వసూళ్లు, జీతాల ఏర్పాట్లు ఎక్కడ బలహీనపడ్డాయో రెడ్డి తన చివరి సంవత్సరాల్లో వ్యాసంగా రాసిపెట్టారు. విజయాల్ని మాత్రమే ప్రచురించే మన పథకాల లోకంలో అది అరుదైన పని. పల్లె ఇంధన పథకాలు చేపట్టే ప్రతి స్వచ్ఛంద సంస్థా, ప్రతి కలెక్టరూ చదవదగ్గ కాగితం అది.

 

రాష్ట్రానికి రాసిన ప్రణాళిక

1987లో కర్ణాటక ప్రభుత్వ సంఘమొకటి 2000 సంవత్సరానికి రాష్ట్రానికి ఎంత కరెంటు కావాలో అంచనా వేసింది. గడిచిన ఏళ్ల పెరుగుదలను ముందుకు పొడిగించి, అంత ఉత్పత్తికి జల, బొగ్గు, అణు కేంద్రాల జాబితా తయారుచేసింది. ఖర్చు రాష్ట్రం తాహతుకు మించినది. అంత పెట్టినా కోతలు తప్పవని ఆ నివేదికే ఒప్పుకుంది.

రెడ్డి బృందం అదే రాష్ట్రానికి కింది నుంచి లెక్క కట్టింది. ఇంట్లో వెలుగు కావాలి, స్నానానికి వేడినీళ్లు కావాలి, పొలానికి తడి కావాలి, ఫ్యాక్టరీలో మోటారు తిరగాలి. ఒక్కో పనికి ఒక్కో ప్రశ్న: ఇది అతి తక్కువ ఖర్చులో ఎలా అవుతుంది? వేడినీళ్లకు కరెంటు గీజరే ఎందుకు, సూర్యుడున్నాడు కదా. గుండుబల్బు బదులు తక్కువ వాట్ల దీపం. పంపుసెట్టుకు ఒరిపిడి తక్కువ ఫుట్‌వాల్వ్, నున్నని పైపు. ఇంకా కావాల్సిన మేరకు చిన్న చిన్న ఉత్పత్తి కేంద్రాలు. కరెంటు లేని ఇళ్లన్నిటికీ కనెక్షన్ ఇవ్వడం ఈ లెక్కలో ముందే కలిపారు. 1991లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో ఇది అచ్చయింది. ప్రభుత్వ సంఘం చెప్పిన కరెంటులో 38 శాతంతో, సామర్థ్యంలో 42 శాతంతో సరిపోతుందని తేలింది. పేదలకు ఇస్తే దేశం భరించలేదన్న వాదన ఒక్క వ్యాసంతో కూలిపోయింది.

ఈ ఆలోచనకు అంతకుముందే అంతర్జాతీయ రూపం వచ్చింది. బ్రెజిల్‌కు చెందిన గోల్డెంబర్గ్, స్వీడన్‌కు చెందిన యోహాన్సన్, అమెరికాకు చెందిన రాబర్ట్ విలియమ్స్‌తో కలిసి, మనిషికి సగటున ఒక కిలోవాట్ శక్తిని సమర్థంగా వాడితే పేద దేశాలు కూడా 1970ల నాటి పశ్చిమ ఐరోపా జీవన ప్రమాణాన్ని అందుకోగలవని 1985లో చూపించారు. 1988లో ఆ నలుగురి పుస్తకం ‘ఎనర్జీ ఫర్ ఎ సస్టెయినబుల్ వరల్డ్’ వచ్చింది. 2000లో నలుగురికీ కలిపి వోల్వో పర్యావరణ బహుమతి దక్కింది.

రెడ్డి దృష్టిలో అభివృద్ధికి మూడు గుర్తులుండాలి. అత్యంత అవసరంలో ఉన్నవారితో మొదలుపెట్టి కనీసావసరాలు తీరాలి. జనం తమ కాళ్ల మీద తాము నిలబడే శక్తి పెరగాలి. ప్రకృతితో పొసగాలి. మూడూ కలిసి ఉండాలి. నేటి పథకాలు చాలావాటిలో మూడోది ఉంటుంది, మొదటి రెండూ జారిపోతాయి.

అదే జిల్లాలో, పావగడ

పుర ఉన్న తుమకూరు జిల్లాలోనే పావగడ తాలూకా ఉంది. పటంలో చూస్తే దాని చుట్టూ దాదాపు అన్ని వైపులా ఆంధ్రప్రదేశే. హిందూపురం, మడకశిర దగ్గర్లో. ఊళ్లలో తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. వేరుశనగ వేసి వాన కోసం ఆకాశం చూసే కరువు నేల. అక్కడ తిరుమణి, వళ్లూరు, రాయచెర్లు, బాలసముద్ర, క్యాతగానచెర్లు గ్రామాల్లో సుమారు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు లేచింది. 2018లో మొదటి దశ మొదలై, 2019 చివరికి పూర్తయింది.

ఈ పార్కులో మెచ్చుకోవలసినది ఉంది. భూమి లాక్కోలేదు, కొనుక్కోలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు, 28 ఏళ్ల ఒప్పందం. పంట పోయినా పైకం వస్తుంది. పట్టా రైతు చేతిలోనే ఉంటుంది. భూసేకరణ పేరుతో మన దగ్గర జరిగినవి చూసినవాళ్లకు ఇది ఎంత మెరుగో వేరే చెప్పనక్కర్లేదు.

కానీ రెడ్డి పెట్టిన మొదటి గుర్తు దగ్గర ఆగి చూడాలి. అత్యంత అవసరంలో ఉన్నది ఎవరు? ఎకరాలున్న రైతుకు కౌలు వస్తుంది. పదెకరాలవాడికి పదింతలు వస్తుంది. సెంటు భూమి లేని కూలీకి ఏమొస్తుంది? కలుపు తీసి, వేరుశనగ కాయలు కోసి కూలి తెచ్చుకున్న చేతులకు ఆ పొలాల్లో ఇక పని లేదు. గొర్రెలు మేపుకునేవాళ్లకు మేత బీళ్లు కంచె లోపల ఉండిపోయాయి. పార్కు కట్టేటప్పుడు పని దొరికింది. కట్టడం అయిపోయాక మిగిలేవి పలకలు కడగడం, గడ్డి కోయడం, కాపలా. అంతంత భూమికి అవి చాలా కొద్ది ఉద్యోగాలు. కర్బనం తగ్గింది నిజమే. ఆ తగ్గుదలకు మూల్యం చెల్లించింది ఊళ్లో అందరికంటే తక్కువ ఉన్నవాళ్లయితే ఆ లెక్కను సరిచేసే బాధ్యత మన మీద ఉంది. కౌలులో కొంత భాగం భూమిలేని కుటుంబాల నిధికి జమ చేయొచ్చు. పలకల్ని ఎత్తుగా బిగించి కింద మేతకు, కూరగాయలకు చోటు వదలొచ్చు. నిర్వహణ కాంట్రాక్టు ఆ ఊరి ఆడవాళ్ల సంఘాలకు ఇవ్వొచ్చు. కష్టమైన ఇంజినీరింగ్ ఏమీ లేదు ఇందులో. పురలో 2 పైసలు ఎవరి చేతిలో పడాలో ఆలోచించినట్టు ఇక్కడా ముందే ఆలోచించాలి, అంతే.

రాయలసీమలో ఇప్పుడు సోలార్ పార్కుల ఒప్పందాలు జోరుగా సాగుతున్నాయి. ఉమ్మడి కర్నూలు జిల్లాలోని గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల పార్కు 2017 నుంచే నడుస్తోంది. 160 గిగావాట్లంటే ఇంకా ఎన్ని ఊళ్ల పొలాలో, ఎంతమంది కూలీలో. పావగడ పాఠం చదువుకోవడానికి మనవాళ్లు సరిహద్దు దాటి రెండడుగులు వేస్తే చాలు.

బోరు దగ్గర, గని దగ్గర

తెలుగు నేల మీద కరెంటు అంటే రాజకీయం. 2000 ఆగస్టు 28న చార్జీల పెంపు మీద హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో జరిగిన నిరసన మీద పోలీసులు కాల్పులు జరిపారు. నాలుగేళ్లకు వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. అప్పుల్లో కూరుకుపోతున్న రైతుకు అది ఊపిరి, దాన్ని తీసేయమనే నిపుణులతో నేను ఏకీభవించను. అయితే ఆ పథకంతో పాటు ఐఎస్ఐ మోటారు, కెపాసిటర్, ఒరిపిడి తక్కువ ఫుట్‌వాల్వ్, మంచి పైపు పెట్టుకోవాలన్న షరతులూ ఉన్నాయి. రెడ్డి కర్ణాటకకు రాసిన జాబితాకు ఇది అచ్చంగా చుట్టం. ఆ షరతులు కాగితం మీదే ఎక్కువగా మిగిలిపోయాయి. ఫుట్‌వాల్వ్ మార్చే ఖర్చు ప్రభుత్వమే పెట్టి ఉంటే అదే నీళ్లకు తక్కువ కరెంటు ఖర్చయ్యేది, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవడం తగ్గేది. రైతుకు కావాల్సింది యూనిట్లా, తడా? తడే.

బొగ్గు సంగతి మరీ బరువైనది. 1990ల మొదట్లో తెలంగాణలోని సింగరేణి గనుల్లో లక్షమందికి పైగా కార్మికులు సుమారు 2 కోట్ల టన్నుల బొగ్గు తీసేవారు. 2023-24లో సుమారు 7 కోట్ల టన్నులు వచ్చింది. పర్మినెంట్ కార్మికులు మాత్రం 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్ కాస్టులు, మనిషి చోట భారీ యంత్రం, పర్మినెంట్ చోట కాంట్రాక్టు. సూర్యుడు రాకముందే, బొగ్గు ఉత్పత్తి పెరుగుతుండగానే, ఇన్ని కొలువులు పోయాయి. గోదావరిఖనిలో, బెల్లంపల్లిలో ఆ దెబ్బను మాన్పడానికి ప్రణాళిక ఎవరు వేశారు?

అమెరికా చమురు, రసాయన, అణు కార్మికుల సంఘం నాయకుడు టోనీ మజ్జోకీ దశాబ్దాల కిందట ఒక మాట కోసం పోరాడాడు. లోకం మేలు కోసం ఫ్యాక్టరీ మూసేస్తే, అందులోని కార్మికుడి జీతానికీ కొత్త చదువుకూ లోకమే నిధి పెట్టాలి అన్నది ఆయన వాదన. మన దగ్గర పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం (కేటీపీఎస్) పాత యూనిట్లు మూతపడి, 2024 ఆగస్టులో వాటి 8 కూలింగ్ టవర్లు కూల్చేశారు. టవర్లు కూల్చడానికి నిపుణుల్ని పిలిచి పకడ్బందీగా ప్లాను గీసుకున్నాం. ఆ టవర్ల నీడన బతికిన టీ బంకు, లారీ క్లీనరు, బూడిద ఎత్తిన కాంట్రాక్టు కూలీ కోసం అంతే పకడ్బందీ ప్లాను ఉండాలని అడగడం అత్యాశ కాదు.

ఈ పని చేసేవాళ్లు కావాలి

రెడ్డి 1991లో అంతర్జాతీయ ఇంధన సంస్థ ఒకటి, ఇంటర్నేషనల్ ఎనర్జీ ఇనిషియేటివ్, నెలకొల్పి అందులో పనిచేశారు. తెలుగువాళ్లలో ఆ దారికి దగ్గరగా నడిచినవారు విశాఖలో ఉంటున్న ఈ.ఏ.ఎస్. శర్మ. కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసి, ఉద్యోగం వదిలాక శ్రీకాకుళం జిల్లా సోంపేటలోని బీల (చిత్తడి) భూముల్లో బొగ్గు విద్యుత్ కేంద్రం వద్దన్న రైతుల, మత్స్యకారుల పక్షాన నిలిచారు. 2010 జులై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ సరిగ్గా అదే రోజు రద్దు చేసింది.

ఇంజినీరింగ్ పూర్తిచేసి సోలార్ కంపెనీలో ఉద్యోగం చూసుకునే పిల్లలు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. మంచిదే. వాళ్లలో కొందరైనా ఒప్పందాలు చదవడం, సర్వేలు చేయడం, విద్యుత్ పంపిణీ సంస్థల (డిస్కంల) లెక్కలు విప్పడం నేర్చుకోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో విద్యుత్ నియంత్రణ మండలి ఏర్పడింది, ఇప్పుడు రెండు రాష్ట్రాలకూ వేర్వేరుగా ఉంది. ఏటా డిస్కంలు వచ్చే సంవత్సరం ఖర్చెంతో, వసూలు ఎంతో, కరెంటు ఎవరి దగ్గర ఏ ధరకు కొంటున్నాయో అక్కడ దాఖలు చేస్తాయి. తర్వాత బహిరంగ విచారణ జరుగుతుంది. రైతు సంఘాల వాళ్లు, కార్మిక నాయకులు, రిటైరైన ఇంజినీర్లు వచ్చి మాట్లాడతారు. వకీలును పెట్టుకోనక్కర్లేదు, తెలుగులో చెప్పొచ్చు, అభ్యంతరం కాగితం మీద రాసి పంపొచ్చు. సోలార్, పవన, నిల్వ కేంద్రాలతో కుదిరే కొనుగోలు ఒప్పందాలు సాధారణంగా 25 ఏళ్లవి. మండలి ఆమోదముద్ర పడ్డాక ఆ ధరను మన పిల్లలు కూడా కడుతూ ఉంటారు. ముద్ర పడకముందు అడగడానికి గడువు చాలా తక్కువ, నోటిఫికేషన్ వచ్చిన కొద్ది వారాలే.